పెరడు మూట కట్టిన ఏడాది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టే ముందు పెరడు మూట కట్టి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ పని మేము చేశాం. దాదాపు ఏడాదిన్నర పాటు మా పెరడంతా గోనె సంచుల్లో బతికింది. ఏవి బతికాయి, ఏవి పోయాయి, ఎందుకు పోయాయి అన్నది రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. మొక్కల విషయంలో చేసిన పొరపాట్లు చెప్పుకోవడం తేలికే. ఇంకో పొరపాటు కూడా ఉంది. అది చెప్పడానికి మనసు రాక ఇన్నాళ్ళు ఆగాను.

మాది యానాం. గోదావరి ఒడ్డున ఊరు, కాస్త ముందుకెళ్తే సముద్రం. 2022 జులైలో వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. పెద్ద వరదంటే ఆగస్టులో రావాలి అని మా అత్తయ్యగారి లెక్క. 1986 ఆగస్టు వరద ఆవిడ కళ్ళారా చూశారు. అప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వదిలారు. 2022లో 25 లక్షలు దాటింది. అంకెల్లో తక్కువే కానీ మా వీధికి అది చాలు. పెరట్లో మోకాలి లోతు నీళ్ళు, ఇంట్లో చీలమండ దాకా. నాలుగు రోజులు మేడ ఉన్న చుట్టాలింట్లో తలదాచుకుని తిరిగొచ్చేసరికి గచ్చు మీద జానెడు ఒండ్రు, గోడల నిండా చెమ్మ. నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళి కనకాంబరాలూ, చామంతులూ అప్పుడే పోయాయి.

మాది పాత పెంకుటిల్లు. ఇక దాన్ని బాగుచేయించడం దండగ అని మావారూ, మా మరిదీ కూర్చుని తేల్చేశారు. కొత్త ఇల్లు కట్టాలి, కట్టేముందు స్థలం మొత్తం మూడడుగులు మెరక చేయాలి అన్నాడు ఇంజనీరు. ఇల్లొక్కటే ఎత్తు చేసి పెరడు పల్లంగా వదిలేస్తే వాన నీళ్ళన్నీ అక్కడే నిలుస్తాయట. మాకది సబబుగానే అనిపించింది.

అత్తయ్యగారు ఒక్కటే అడిగారు. "మరి మొక్కలో?"

మెరక చేయడమంటే మొక్కల పీకల దాకా మట్టి పోయడమే. వేళ్ళకి నీళ్ళు ఎంత అవసరమో గాలి అంత అవసరం. మొదలు చుట్టూ మూడడుగుల మట్టి పడితే కింద వేళ్ళు ఊపిరాడక చచ్చిపోతాయి. అందుకని ఉన్న మొక్కల్ని ఉన్నచోటే వదిలి పక్కనుంచి ఇల్లు కట్టుకునే వీలు లేదు.

"కడియం వెళ్తే ఆటో నిండా మొక్కలొస్తాయమ్మా. ఇల్లయ్యాక నీకు కావలసినవన్నీ తెచ్చుకుందాం" అన్నారు మావారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీల్లో దొరకని మొక్కంటూ ఉండదు. దేశం నలుమూలలకీ లారీల్లో వెళ్తాయి అక్కడి మొక్కలు. అత్తయ్యగారు ఏమీ అనలేదు. లోపలికెళ్ళి గోడకున్న పాత క్యాలెండరు చింపి, వెనకవైపు తెల్లకాగితం మీద పేర్లు రాయడం మొదలుపెట్టారు. నేను కళ్ళజోడు తెచ్చిచ్చాను.

మొత్తం 23 అయ్యాయి. పేరు పక్కన అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా రాశారు. మల్లె, పుట్టింటి నుంచి. సన్నజాజి, ఎదురింటి వాళ్ళు ఊరొదిలి వెళ్తూ ఇచ్చింది. ముద్దమందారం, పెద్దాడు పుట్టిన ఏడు. నందివర్ధనం, గుడి దగ్గర పూజారిగారి భార్య ఇచ్చిన కొమ్మ. కరివేపాకు, దానంతటదే మొలిచింది. చిట్టచివర పారిజాతం. దాని పక్కన ఏమీ రాయలేదు. రాయక్కర్లేదు కూడా. 1996 నవంబరు తుఫానుకి పెరట్లో చెట్లన్నీ కూలిపోతే, ఖాళీగా ఉన్న నేల చూడలేక మామయ్యగారు తెచ్చి పాతిన మొక్క అది. మామయ్యగారు పోయి అప్పటికి ఆరేళ్ళు.

ఆ కాగితం చూశాక మావారు మళ్ళీ కడియం నుంచి తెచ్చుకుందామనే మాట ఎత్తలేదు. ఆ కడియం నుంచే మొక్కలు తవ్వి తరలించే పని తెలిసిన ఒక పెద్దాయన్ని పిలిపించారు.

ఆయన కార్తీకమాసంలో వచ్చారు. శంకుస్థాపన మాఘంలో పెట్టుకున్నాం అంటే "బాగుందండి, మూడు నెలలు టైముంది. వారం ముందు పిలిచి తవ్వమనే వాళ్ళే ఎక్కువండి" అన్నారు. పెరడంతా తిరిగి ఒక్కో మొక్కనీ మొదలు దగ్గర పట్టుకుని ఊపి చూశారు. ఆ రోజు ఆయన చెప్పినవి, చేసి చూపించినవి మీక్కూడా పనికొస్తాయి కనుక వివరంగా రాస్తాను.

మొక్కకి నీళ్ళూ, ఆహారమూ పీల్చేవి లావుపాటి వేళ్ళు కావు, వాటి చివర్లలో ఉండే దారాల్లాంటి పిల్లవేళ్ళు. పాత మొక్కలకి అవి మొదలుకి చాలా దూరంలో ఉంటాయి. ఒకేసారి గునపం వేసి పెకలిస్తే ఆ చివర్లన్నీ నేలలోనే ఉండిపోతాయి. మన చేతికొచ్చేది లావు వేళ్ళ మోడు. అందుకే తరలించిన మొక్క వారం రోజులు పచ్చగా కనిపించి తర్వాత ఉన్నట్టుండి ఎండిపోతుంది. వాటిల్లో ఉన్న నీరు అయిపోయేదాకా బతికినట్టు నటిస్తాయి, అంతే.

అలా కాకుండా ఉండాలంటే, ముందు మొక్క చుట్టూ మూరెడు దూరంలో ఒక గుండ్రటి గీత గీయాలి. ఆ గీతలో సగం మేర మాత్రం సన్నటి కందకంలా తవ్వి, అడ్డొచ్చిన వేళ్ళని పదునైన కత్తితో నున్నగా కోసి, ఆ కందకంలో మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపాలి. మిగతా సగాన్ని ముట్టుకోకూడదు. మొక్క ఆ సగంతో బతుకుతూ, కోసిన వైపు కొత్త పిల్లవేళ్ళు పుట్టించుకుంటుంది. నెల, నెలన్నర ఆగి రెండో సగం కోయాలి. మళ్ళీ అన్నాళ్ళు ఆగితే మొదలు చుట్టూ దగ్గర్లోనే పిల్లవేళ్ళు అల్లుకుని మట్టి గట్టి ఉండలా తయారవుతుంది. అప్పుడు ఆ ఉండ చెదరకుండా ఎత్తాలి.

"మనం మొక్కని తీసుకెళ్ళటం లేదండీ. దాని మట్టిని తీసుకెళ్తున్నాం. మట్టితోపాటు మొక్క వస్తుంది" అన్నారాయన. అత్తయ్యగారికి ఆ మాట బాగా నచ్చింది. తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అప్పజెప్పేవారు.

అన్నిటికీ ఈ తతంగం అక్కర్లేదు. పసుపు, లిల్లీ లాంటివి దుంపలు కనుక ఆకు పండాక తవ్వి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో దాచుకోవచ్చు. కరివేపాకు పెద్ద చెట్టు తల్లివేరు లోతుకి పోతుంది, దాన్ని ఎత్తడం కష్టం. కానీ చుట్టూ పిలకలు వస్తాయి కదా, వాటిల్లో వేరున్న నాలుగింటిని విడదీసుకుంటే చాలు. మందారానికి మొక్కతోపాటు నాలుగు కొమ్మలు కూడా కోసి విడిగా పాతుకోమన్నారు, ఏదన్నా అయితే తోడుగా ఉంటుందని. సన్నజాజికి తీగె ఒకటి వంచి మధ్యలో చిన్నగా గాటు పెట్టి మట్టిలో కప్పెట్టారు, అక్కడ వేరొస్తే అదో కొత్త మొక్క. మల్లెకి మాత్రం భయం లేదన్నారు. ఎలాగూ చలికాలంలో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తాం. అది నిద్రపోయే సమయంలోనే ఎత్తేస్తే దానికి తెలియను కూడా తెలియదట.

పారిజాతం దగ్గర మాత్రం ఆయన చాలాసేపు నిలబడ్డారు. అత్తయ్యగారు అడిగితే "చూద్దాంలెండి అమ్మగారూ" అన్నారు. ఆవిడ లోపలికెళ్ళాక మావారితో మెల్లగా చెప్పారు. చెట్టు పాతికేళ్ళు దాటింది, మాను లావైపోయింది, గోడ పక్కన ఉండటంతో ఒక వైపు వేళ్ళన్నీ పునాది కిందికి పోయాయి. దీన్ని ఎత్తాలంటే క్రేను కావాలి, మా సందులోకి క్రేను రాదు. ఎత్తినా బతకదు. హైదరాబాదులో మెట్రో రైలు కట్టేటప్పుడు పెద్దపెద్ద చెట్లని వేళ్ళతో సహా లేపి వేరేచోట పాతారు కదా అని మావారు అన్నారు. "వాళ్ళకి రోడ్డుంది, యంత్రాలున్నాయి, చుట్టూ తవ్వడానికి జాగా ఉంది. ఇక్కడ ఏముందండీ?" అన్నారాయన.

ఆ రాత్రి మేమిద్దరం మాట్లాడుకున్నాం. అమ్మకి ఇప్పుడు చెప్తే ఇల్లే వద్దంటుంది అన్నారు మావారు. నేను అవునన్నాను. అదీ నేను చెప్పాలనుకున్న పొరపాటు. ఎవరూ నా నోరు నొక్కలేదు. నాకూ అదే సులువనిపించింది.

మా మరిది హైదరాబాదులో ఉంటాడు, ఐదో అంతస్తులో ఫ్లాటు. ఇక్కడ మేము చూసుకున్న అద్దె ఇల్లు చిన్నది, రెండు గదులు. దుమ్ము, హడావుడి, పైగా ఆవిడకి ఆయాసం. ఇల్లు పూర్తయ్యేదాకా అత్తయ్యగారు అక్కడుంటే అందరికీ సుఖం అనుకున్నాం. సంక్రాంతి పండగ అవగానే మరిది టికెట్టు తీసి తెచ్చాడు. పండగ మూడోనాడు ఆవిడకి చెప్పాం. నాలుగో రోజు ప్రయాణం.

ఆవిడ ఎదురు మాట్లాడలేదు. రెండు చీరల సంచులు, మందుల డబ్బా, మామయ్యగారి ఫోటో సర్దుకున్నారు. వెళ్ళేముందు పెరట్లోకి వచ్చి నాకు ఒక్కో మొక్కకీ అప్పగింతలు చెప్పారు. పారిజాతం దగ్గర ఆగి, "ఇది ఇప్పుడు ఆకు రాల్చడం మొదలెడుతుందమ్మాయ్. ఎండిపోతోందనుకుని కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోసెయ్యకు. వేళ్ళు కుళ్ళుతాయి" అన్నారు. నేను తలూపాను.

వారం తర్వాత కడియం పెద్దాయన ఇద్దరు కుర్రాళ్ళని వెంటబెట్టుకుని వచ్చారు. ముందురోజు సాయంత్రమే అన్ని మొక్కలకీ నిండా నీళ్ళు పట్టించాం, మట్టి ఉండ విడిపోకుండా ఉంటుందని. కొమ్మల్లో మూడోవంతు కత్తిరించారు. వేళ్ళు తగ్గాయి కాబట్టి అవి పోషించగలిగినన్ని ఆకులే ఉంచాలట. ప్రతి మొక్కకీ తూర్పు వైపున్న కొమ్మకి ఎర్రదారం కట్టించారు. మళ్ళీ నాటేటప్పుడు అదే వైపు తూర్పుకి ఉండాలి, నీడకి అలవాటుపడ్డ వైపు బెరడు ఎండ తగిలి కాలిపోకుండా. తర్వాత చుట్టూ తవ్వి, ఉండ కింద పారతో కోసి, తడి గోనె పట్టా చుట్టి, కొబ్బరి తాడుతో పొట్లంలా బిగించారు. ఎండ తగ్గాక సాయంత్రం నాలుగింటికి ట్రాలీ ఆటో ఎక్కించారు.

కాలేజీలో చదువుకున్న శాకుంతలం నాలుగో అంకం గుర్తొచ్చింది ఆ సాయంత్రం. శకుంతల అత్తవారింటికి వెళ్తూ వనజ్యోత్స్న అని పేరు పెట్టుకున్న తీగెని కౌగిలించుకుని సెలవు తీసుకుంటుంది. ఆ పాఠం మాకు చెప్పిన మేడమ్ కళ్ళు తుడుచుకుంటే వెనక బెంచీలో కూర్చుని నవ్వుకున్నాం. ఎంతైనా ఆ శకుంతలకి సెలవు తీసుకునే అవకాశం ఇచ్చారు కణ్వుడి ఆశ్రమంలో.

ఇంకో మంచి పని కూడా ఆయనే చెప్పారు. మెరక పోయకముందు పెరటి పైమట్టి జానెడు మందాన గీకి సంచుల్లో దాచుకోమన్నారు. "మెరకకి పోసే గ్రావెల్‌లో ఏవీ మొలవదండి. ఇన్నేళ్ళ ఎరువు, ఆకు అలం, మొన్నటి వరద ఒండ్రు అంతా ఈ పైమట్టిలోనే ఉంది. కొత్త మొక్కలు కొనుక్కోవచ్చు, ఈ మట్టి కొనలేరు." యూరియా సంచులు 30 నిండాయి. అద్దె ఇంటి మెట్ల కింద పేర్చాం.

పారిజాతాన్ని మర్నాడు కొట్టించాం. అరగంట కూడా పట్టలేదు. నేను వంటింటి కిటికీ మూసేసుకున్నాను. తర్వాత వెళ్ళి చూస్తే కొమ్మల నిండా ఎండిన కాయలున్నాయి, రూపాయి బిళ్ళల్లా గుండ్రంగా, పల్చగా. ఒక్కో కాయలో రెండు గింజలు. గుప్పెడు ఏరి కాగితంలో పొట్లం కట్టాను. చెట్టు కింద ఎప్పుడో రాలిన గింజలకి మొలిచిన బెత్తెడు మొక్కలు మూడు కనిపిస్తే అవి కూడా తీసి పాల కవర్లలో పెట్టాను. ఎందుకు చేశానో నాకే తెలీదు. ఎవరికీ చెప్పలేదు.

అత్తయ్యగారు రోజూ సాయంత్రం ఫోను చేసేవారు. మల్లె చిగురేసిందా, సన్నజాజి ఎలా ఉంది, పసుపు దుంపలకి ఎలుకలు రావట్లేదు కదా అని వరసగా అడిగి, ఆఖర్న "పారిజాతం ఆకు రాలుస్తోందా?" అనేవారు. "రాలుస్తోందత్తయ్యా" అనేదాన్ని. ఫిబ్రవరి అంతా అలాగే చెప్పాను. మార్చిలో "చిగురు పెట్టిందా?" అని అడిగితే "ఇంకా లేదు" అన్నాను. అబద్ధాన్ని రోజూ నీళ్ళు పోసి పెంచాల్సి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఉగాది రోజున మావారు స్థలం దగ్గర నిలబడి వీడియో కాల్ చేశారు, పిల్లర్లు లేచాయి చూడమ్మా అని. ముందు వైపు చూపించారు, పక్కవైపు చూపించారు. "ఒరేయ్ పెద్దాడా, ఫోను వెనక్కి తిప్పు" అన్నారావిడ. తిప్పక తప్పలేదు. మెరక పోసిన గ్రావెల్, పేర్చిన ఇటుకలు, దాని వెనక ప్రహరీ గోడ. ఇంకేం లేదు. నేను పక్కనే ఉన్నాను. ఫోనులో ఆవిడ మొహం కాసేపు కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాం. "సరేరా, ఉంటాను" అని పెట్టేశారు.

ఆ తర్వాత ఫోను చేయడం మానేశారు. మేము చేస్తే బాగున్నానని చెప్పేవారు. మొక్కల గురించి ఒక్క ముక్క అడిగేవారు కాదు. ఏప్రిల్లో మా తోడికోడలు చేసింది. "అక్కా, అత్తయ్య సరిగ్గా తినట్లేదు. పొద్దున్న లేచి బాల్కనీలో కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నమే లోపలికి. నేనేమన్నా లోటు చేశానా అని భయంగా ఉంది" అంది. పాపం, దాని లోటేం లేదు. ఆ పిల్ల ఆవిణ్ణి కన్నతల్లిలా చూసుకుంది.

నేనే వెళ్ళాను. రెండు రోజులుండి, అత్తయ్యగారిని తీసుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రాత్రి కింది బెర్తు మీద ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలీక, "చెట్టు విషయం చెప్పకపోవడం తప్పేనత్తయ్యా" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి చూస్తూనే అన్నారు. "చెట్టు ముసలిది, ఎత్తితే బతకదని నాకు తెలియదనుకున్నారా? ఆయన దాన్ని పట్టుకుని ఊపినప్పుడే తెలిసింది. చూద్దాంలెండి అన్నాడు చూడూ, డాక్టర్లు కూడా మీ మామయ్యగారప్పుడు అలాగే అన్నారు. అయినా మీ నోటితో మీరు చెప్తారని ఎదురు చూశాను."

నేనేం మాట్లాడలేదు.

"మందారానికి మూడు నెలలు గడువిచ్చారమ్మాయ్. ఒక వైపు వేళ్ళు కోసి, కొత్త వేరు వచ్చేదాకా ఆగి, అప్పుడు రెండో వైపు కోశారు. నాకు పండగ మూడోనాడు టికెట్టు చూపించారు."

కాసేపాగి మళ్ళీ, "చెప్పుంటే ఏడ్చేదాన్ని. ఏడవనియ్యాల్సింది" అన్నారు. తర్వాత దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నాకు కాకినాడ వచ్చేదాకా నిద్ర పట్టలేదు.

అద్దె ఇంటికి వచ్చేసరికి మొక్కల పరిస్థితి ఏమంత బాగాలేదు. అక్కడ వాకిలంతా సిమెంటు గచ్చు. కడియం ఆయన చెప్పినట్టే సంచుల్ని ఇటుకల మీద, ఒకదానికొకటి ఆనించి వరసగా పెట్టి, సందుల్లో కొబ్బరి పొట్టు నింపి, పైన ఆకుపచ్చ నెట్ కట్టాను. విడివిడిగా పెడితే సంచికి అన్ని వైపులా ఎండ తగిలి వేళ్ళు ఉడికిపోతాయి. దగ్గరగా ఉంటే ఒకదానికొకటి నీడ. అంతవరకూ బాగానే చేశాను. కానీ ఆకుల అంచులు గోధుమరంగులో మాడిపోతున్నాయి. నీళ్ళు చాలట్లేదనుకుని ఇంకా పోశాను. ఇంకా మాడాయి. అప్పటికే ఇద్దరు ముగ్గురు పోయారు. మొక్కలండీ, మనుషుల్లా రాసేస్తున్నాను.

అత్తయ్యగారు వచ్చిన రోజే బోరు నీళ్ళు చేతిలోకి తీసుకుని నాలిక మీద వేసుకుని ఉమ్మేశారు. "ఉప్పగిల్లిపోయాయి. నువ్వు దీన్ని కడవలకి కడవలు పోస్తున్నావు." యానాంలో ఇన్నేళ్ళు ఉండి కూడా నాకది తట్టలేదు. సముద్రం పక్కనున్న ఊళ్ళో వేసవికి బోరు నీళ్ళు ఉప్పనవుతాయి. నేలలో ఉన్న మొక్కకైతే వానలు పడి ఉప్పు కిందికి దిగిపోతుంది. సంచిలో ఉన్నదానికి ఎక్కడికీ పోదు, పోసినకొద్దీ పేరుకుంటుంది. ఆరోజు నుంచి మొక్కలకి కుళాయి నీళ్ళే. పొద్దున్న కుళాయి వచ్చినప్పుడు డ్రమ్ము నింపి, ఒక్కో సంచికీ అడుగునుంచి కారిపోయేలా ఒకసారి నిండా పోసి ఉప్పు కడిగేశాం. తర్వాత పొద్దున్నో చెంబు, సాయంత్రమో చెంబు. కూర కడిగిన నీళ్ళు, బియ్యం కడుగు కూడా వదల్లేదు. డ్రమ్ము దగ్గర్నుంచి మొక్కల దాకా బకెట్లు మోసే పని మావారు అడగకుండానే అందుకున్నారు. తల్లీకొడుకులు దాని గురించి ఏమన్నా మాట్లాడుకున్నారేమో నాకు తెలీదు.

ఆ వారంలోనే వరస చివర ఉన్న పాల కవర్లు ఆవిడ కంటపడ్డాయి. మూడు మొక్కల్లో ఒకటి అప్పటికే పోయింది. గరుకుగా ఉన్న ఆకుని వేళ్ళతో రుద్ది చూసి, "ఇవెక్కడివి?" అన్నారు. "చెట్టు కిందవే" అన్నాను. ఆవిడ ఆ రెండు కవర్లూ తీసుకెళ్ళి తను పడుకునే గది కిటికీలో పెట్టుకున్నారు. ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం మాత్రం నన్ను కూర్చోబెట్టి తలకి నూనె పెట్టారు.

తర్వాతి మాఘంలో గృహప్రవేశం అయింది. మొక్కలు మాత్రం వెంటనే మాతో రాలేదు. ఎండలు ముదిరే ముందు నాటితే నిలదొక్కుకోవు, పైగా మెరక పోసిన నేల ఒక వానాకాలం చూసినా ఇంకా కుంగుతూనే ఉంది. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక మొదలుపెట్టాం. గోతులు లోతుగా తవ్వితే లోపల సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, మేస్త్రీలు తట్టలు కడిగిన నీళ్ళు పేరుకున్న తెల్లటి గడ్డలు. ఆ సున్నపు మట్టిలో మొక్క పెడితే ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. అదంతా తోడి పారబోసి, మెట్ల కింద దాచిన పాత మట్టి తెచ్చి నింపాం. సంచి విప్పగానే గుప్పుమని మా పాత పెరటి వాసన వచ్చింది. ఎర్రదారాలు చూసుకుంటూ తూర్పు కొమ్మ తూర్పుకే ఉండేలా నిలబెట్టాం.

క్యాలెండరు కాగితం తీసి లెక్క చూసుకున్నాం. 23లో 17 మిగిలాయి. మల్లె బ్రహ్మాండంగా ఉంది. మందారం తల్లి మొక్క పోయింది కానీ కొమ్మలు బతికాయి కనుక దాన్ని ఉన్నట్టే రాశారు అత్తయ్యగారు. కరివేపాకు పిలకలు నాలుగిట్లో రెండు. సన్నజాజి ఎండిపోయిందని పారేయబోతుంటే మొదట్లోంచి చిగురేసింది. నందివర్ధనం దక్కలేదు. దాని మీద గీత కొట్టేటప్పుడు ఆవిడ కాసేపు పెన్ను పట్టుకుని ఆగారు.

పారిజాతం మీద గీత కొట్టలేదు. పేరు పక్కన ఖాళీగా వదిలేసిన చోట "దాని పిల్ల" అని రాశారు.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఆవిడనే అడిగాం. తూర్పు వైపు, తన గది కిటికీకి ఎదురుగా అన్నారు. ప్లానులో అది స్కూటర్లు పెట్టుకునే షెడ్డు. మావారు తల్లిని క్షమించమని నోటితో అడిగే మనిషి కాదు. మేస్త్రీని పిలిచి షెడ్డుని నాలుగడుగులు వెనక్కి జరిపించారు. అందుకని ఇప్పటికీ మా ఇంట్లో ఒక స్కూటరు వానలో తడుస్తుంది.

ఇల్లు కట్టించుకునే ఆలోచనలో ఉన్నవాళ్ళకి నేను చెప్పేదొకటే. మొక్కలకి మూడు నెలల ముందు చెప్పండి, అంటే వేళ్ళు కోయడం మొదలుపెట్టండి. పైమట్టి దాచుకోండి. నీళ్ళు రుచి చూసి పోయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళ గది ఎక్కడ కడుతున్నామో చెప్పడం సరే, ఏది తీసేస్తున్నామో కూడా వాళ్ళు చూస్తుండగానే చెప్పండి. బాధపడతారని దాచామని అనుకుంటాం కానీ, వాళ్ళ బాధ చూడలేక మన సుఖం కోసం దాస్తాం. నా మట్టుకు నేను చేసింది అదే.

పారిజాతం పోయిన కార్తీకంలో మొదటిసారి పూసింది, నా భుజాల ఎత్తుకి వచ్చింది. పారిజాతాన్ని కోయకూడదు, రాలిన పూలే ఏరి దేవుడికి పెట్టాలంటారు. తెల్లారుజామున కాఫీ పెడుతుంటే అత్తయ్యగారు కిందకి చాప పరిచి, దాని పక్కన పీట వేసుకుని కూర్చున్నారు.

"అమ్మాయ్, ఎనిమిది" అని అరిచారు లోపలికి. నేను గ్లాసులు పట్టుకుని వెళ్ళేసరికి ఇంకొకటి రాలింది.